పాగాకు పెట్టే బొట్టు

పంజాగుట్ట,
2000 సెప్టెంబరు

చిన్నాయనా,

మీ కబురు తెచ్చిన డ్రైవరు చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఎల్లుండి నాన్నగారి పన్నెండో రోజున కోటలో మీ కొడుకు రణధీర్ తలకు పాగా చుట్టిస్తున్నారట. సంస్థానాలు ఎప్పుడో పోయినా, కోటలోనూ గుడిలోనూ ఇప్పటికీ ఆ పాగా కట్టినవాళ్ల మాటే చెల్లుతుంది. అందుకే ఈ తొందర. నన్ను మాత్రం హారతి పళ్లెం పట్టుకుని రమ్మన్నారు. మన ఇంట్లో ఆడబిడ్డ బొట్టు పెట్టందే ఎవరికీ పాగా కట్టరు కదా.

నాన్నగారు ఉన్న సోమాజిగూడ ఆసుపత్రికి మీరు వచ్చింది ఒక్కసారి. మైత్రీవనంలో జావా క్లాసు చెప్పి నేను అప్పుడే వచ్చి కూర్చున్నాను. మాట పడిపోయిన మనిషిని పట్టుకుని, "పాగా ఎవరికి కట్టాలె అన్నా?" అని అడిగారు. ఆయన జవాబుగా నావైపు చూశారు. మీరు నవ్వారు. "కంప్యూటర్లు చెప్పుకునే పోరికి గద్దె ఎందుకు?" అన్నారు. ఆయనకు మాట పోయింది గానీ చెవులు పోలేదు. మీరు వెళ్లాక ఆయన కన్నీళ్లు తుడిచింది నేను.

వస్తాను. పళ్లెం కూడా తెస్తాను. ఊరంతా చూస్తుండగా ఆ బొట్టు నా నుదుటనే పెట్టుకుంటాను. ఆ తర్వాత పాగా ఎవరి తలకు చుట్టాలో ఊరికి మీరే చెప్పుకోండి.

మీ అన్న కూతురు