జబ్బు నాది, కుర్చీ ఆయనది

విజయనగరం,
2016 మే 4.

గురమ్మత్తకు,

పద్మ నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టబోయి కలం ఆపేశాను. మొదటి సగం నిజం కాదు. రెండో సగం నిజమనే నమ్ముతున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటి, ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నువ్వు ఫోనుని స్పీకర్లో పెట్టి, పళ్ళెంలా అరచేతిలో పట్టుకుని మాట్లాడతావు. పోయినసారి నా మోకాలి నొప్పి సంగతి నీకు చెబితే మీ వీధి చివర్నించి ఎవరో ఆముదం రాయమన్నారు. ఇది అలా అందరూ వినే సంగతి కాదు. నాకు హెపటైటిస్ సి అని తేలింది. కాలేయానికి పట్టే వైరస్. రక్తం ద్వారా వస్తుంది, చప్పుడు చెయ్యకుండా ఏళ్ళ తరబడి లోపలే ఉంటుంది. ఇప్పుడు దీనికి మంచి బిళ్ళలు వచ్చాయి. రోజుకొకటి చొప్పున మూడు నెలలు వేసుకోవాలి. మొన్న అమ్మవారి పండక్కి రాలేదని నువ్వు అలిగావట. కారణం ఇదీ. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. స్టాఫ్ రూములో నా నీళ్ళ గ్లాసు వేరే పెడతారేమోనని భయం. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

విశాఖలో డాక్టరుగారి గదిలో ఆయన బల్లకి ఎదురుగా ఒక కుర్చీ, పక్కన ఒక స్టూలు ఉంటాయి. స్టూలు రోగిది. కుర్చీ రోగిని తీసుకొచ్చినవాళ్ళది. డాక్టరుగారు కుర్చీతోనే మాట్లాడతారు. ఆ కుర్చీలో మీ అల్లుడు నరసింగరావుగారు కూర్చున్నారు. "ఆకలెలా ఉంది?" అని డాక్టరుగారు ఈయన్ని అడిగారు. "బాగానే తింటుందండి" అన్నారీయన. వారాల తరబడి అన్నం సయించని నేను, అవునా అనుకుంటూ విన్నాను.

నాకు ఒక్క అనుమానం ఉంది. కొన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నాను. దాన్ని ఈ కొత్త మందుతో కలిపి వేసుకోవచ్చా? అడగడానికి నోరు తెరిచేలోపు డాక్టరుగారు గంట కొట్టారు, తరవాతి మనిషి వచ్చేశాడు. బయటికొచ్చాక ఈయన్ని అడిగితే, "అవసరమైతే ఆయనే చెప్పేవారు, మనం అడిగితే బాగుండదు" అన్నారు. నిజమేనేమో. నాకు ప్రతిదానికీ అనుమానమే కదా. కానీ రోజూ ఆ రెండు బిళ్ళలూ అరచేతిలో పెట్టుకుని కాసేపు చూస్తున్నాను. అవి ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటే నాకెలా తెలుస్తుంది?

నీ పెంపకంలో పెరిగిన,
పద్మ

తా.క. నాకేమీ పంపకు. నువ్వు పంపుతావని తెలిసే రాస్తున్నాను.


గురమ్మగారు చెప్పగా బ్రాంచి పోస్టుమాస్టరు గణపతిరావు రాసినది.
మే 9.

మా అమ్మడికి అత్త గురమ్మ దీవెనలు.

నీ ఉత్తరం గణపతిరావు బాబు సదివాడు. ఇన్నాను. సరే, ఏడుపు తరవాత. ముందు పని సూడాల.

నువ్వు రాసిన పేరు నా నోట తిరగదు. కాలేయం అన్నావు గాబట్టి అవి కామెర్లే. మన అసిరమ్మ పసరు ఇస్తాది. ఆదివారం పరగడుపున తాగీ. ఉప్పు, నూనె, పులుపు ముట్టకు. సీసాలో పోసి బస్సు కండక్టరు గోవిందు సేతికిచ్చినాను. తాగేసి సీసా తిరిగి పంపు, మరిసిపోకు.

నువ్వు సేప కొన్నప్పుడు మొప్ప ఎత్తి సూడకుండా బుట్టలో ఏసుకుంటావేటి? మరి అనుమానం ఉన్న బిళ్ళని అడక్కుండా ఎలా మింగుతున్నావు? నా ఎదురుగా కూకుని మొప్ప ఎత్తినోళ్ళని నాను తిడతాను గానీ, ఎత్తకుండా కొన్నోళ్ళని సూస్తే నవ్వుకుంటాను. ఈసారి ఆ కుర్సీలో నువ్వు కూకో. అల్లుడుబాబుని స్టూలు మీద కూకోబెట్టు. కూకున్నోళ్ళదే కుర్సీ.

ఇప్పుడు సేపల యేట బందు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, అమ్ముకోడానికి ఎండుసేపలే ఉన్నాయి. పొద్దస్తమానం ఇదే ఆలోసన. ఇంకోటి. నా కోడలు రాణికి పురుడొచ్చింది, ఆడపిల్ల. ఒకే కంచంలో తింటే ఈ జబ్బు అంటుకుంటాదా? సంటిపిల్లని ఎత్తుకుంటే అంటుకుంటాదా? డాకటేరుని అడిగి రాయి.

గురమ్మ (వేలిముద్ర)

తా.క. పై అభిప్రాయాలన్నీ గురమ్మగారివి. మాటకు మాట అలాగే రాయమని ఆజ్ఞ. కామాలు మాత్రమే నావి. ఆవిడ ఊపిరి తీసుకున్న చోట పెట్టాను, అందుకే తక్కువగా ఉన్నాయి. ఉత్తరాల సంగతి గోప్యంగా ఉంచడం మా విధి. కానీ ఆవిడది ఒడ్డున చేపల వేలంపాట పాడే గొంతు. పింఛన్ల రోజు కావడం వల్ల వరండా నిండుగా ఉంది. — గణపతిరావు.


విజయనగరం,
మే 15.

అత్తకు,

ఉత్తరం అందింది. సీసా అంతకుముందే అందింది. బస్సు కాంప్లెక్సులో, నా స్టూడెంట్లు నలుగురు నిలబడి ఉండగా, గోవింద్ కిటికీలోంచి ఆ సీసా ఊపుతూ "మేడమ్, మీ లివరు మందు" అని పిలిచాడు. పథ్యం కూడా చెప్పాడు. ఎవరికీ తెలియకూడదనే నీకు ఉత్తరం రాశాను. ఇంతకన్నా ఆ స్పీకరు ఫోనే నయం. అది మీ వీధి చివర ఆగేది.

ఆ పసరు నేను తాగలేదు. అసలే ఒక బిళ్ళ మీద అనుమానంతో ఉన్నాను, దానికి ఇంకొకటి కలపలేను. మీ అల్లుడు మాత్రం తాగమన్నారు. డాక్టరుగారిని ఒక మాట అడుగుదామంటే వద్దన్న మనిషి, ఏ ఆకో తెలియని రసం మాత్రం కళ్ళు మూసుకుని తాగమంటారు. కరివేపాకు మొక్కకి పోశాను. మొక్క ఇంకా బతికే ఉంది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. రిసెప్షన్‌లో అమ్మాయి, డాక్టరుగారితో మాట్లాడాలంటే వచ్చే నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడే మాట్లాడాలంది. మందు ఆపొచ్చా అంటే ఆపొద్దంది. గ్యాస్ బిళ్ళ సంగతి అంటే, ఫోన్ పెట్టేసింది. ఆపితే ఒక తప్పు, వేసుకుంటే ఇంకో తప్పేమో అనుకుంటూ రెండూ మింగుతున్నాను. మందు ఒక్కసారే పనిచేస్తుందేమో, ఆ ఒక్కసారీ నా మొహమాటం వల్ల పాడైపోతుందేమో.

ఇక కంచం మాట. నీ కంచంలో నువ్వు కలిపిన ముద్దలు తిని పెరిగాను. రాణి బిడ్డని నేను ముట్టుకోకూడదని నీ ఉద్దేశమైతే సూటిగా చెప్పు, రాను. డాక్టరుగారి పేరు చెప్పుకోవడం ఎందుకు?

ఒకటి మాత్రం విను. నాకెప్పుడూ రక్తం ఎక్కించలేదు, ఆపరేషన్లు కాలేదు. మరి ఎలా వచ్చిందని ఆలోచిస్తే సోములు డాక్టరు గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు జ్వరాల కాలంలో ఒకే సూదితో వీధి మొత్తాన్ని పొడిచేవాడు. నా వెనక నువ్వు చెయ్యి చాచేదానివి. నువ్వు కూడా రక్తపరీక్ష చేయించుకో.

పద్మ

తా.క. ఖాళీ సీసా గోవింద్‌తో పంపుతున్నాను. లోపల నా కోపం ఉంది, మూత చూసుకుని తియ్యి.


గురమ్మగారు చెప్పగా గణపతిరావు రాసినది.
మే 20.

అమ్మడికి దీవెనలు.

సీసా అందింది. మూత తీసినాను. ఏటీ లేదు. నీ కోపం దారిలో ఎగిరిపోయినట్టున్నాది.

నాను ఎవులికీ సెప్పలేదు. గణపతిరావు బాబుకే సెప్పినాను. వరండాలో కూకున్నోళ్ళు ఇన్నారంటే అది ఆళ్ళ సెవుల తప్పు. పసరు మొక్కకి పోసినావని అసిరమ్మకి సెప్పలేదు. ఇంటే పేనం తీసుకుంటాది.

రాణి బిడ్డని నువ్వు ముట్టుకోకూడదని నాను అన్నానేటి? సదువుకున్నోళ్ళకి లేనివి ఉన్నట్టు తోస్తాయి. నువ్వొచ్చి ఎత్తుకో, నాను అడ్డురాను. నాను అడిగినదానికి మాత్రం జవాబు రాయి.

నా పరీక్ష సంగతి నీకెందుకు? నాను రాయిలాగ ఉన్నాను.

ఎలాగూ ఊరందరికీ తెలిసిపోయింది. ఊళ్ళో ఆళ్ళు నన్ను అడుగుతన్నారు, ఉపకారం గదా, ఇయ్యి కూడా అడిగి రాయి. పసరు ముందే తాగేసినోళ్ళ గతేటి? అరవై దాటినోళ్ళకి ఆ బిళ్ళలిస్తారా, ఎందుకులే అనీస్తారా? బిళ్ళలేసుకుంటా నెత్తి మీద బుట్ట ఎత్తొచ్చా? సంటిపిల్ల సంగతి ముందు అడుగు. అడిగి రాయి.

నువ్వు కుర్సీలో కూకోకపోతే నాను మాటాడను.

గురమ్మ (వేలిముద్ర)

తా.క. "అడిగి రాయి" అన్న మాట ఆవిడ ఇంకా చాలాచోట్ల చెప్పారు. కొన్ని నేను మానేశాను. అవి ఎక్కడ రాశావని వేలు పెట్టి అడిగితే కామాలు చూపించాను. — గణపతిరావు.


విజయనగరం,
జూన్ 2.

అత్తకు,

నిన్న వెళ్ళాం. వరసగా చెబుతాను.

మీ అల్లుడు డాక్టరుగారి గదిలోకి గుళ్ళోకి వెళ్ళినట్టు వెళతారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, జోడుగా సర్ది మరీ వస్తారు. ఆయన సర్దుతుండగా నేను లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఆయన వచ్చి చూసి, ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. డాక్టరుగారు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే స్టూలు వైపు చెయ్యి చూపించి, పడుకోమన్నారు.

ఈయన నావైపు చూశారు. డాక్టరు మాటకి ఎదురు చెప్పడం ఈయన దృష్టిలో పాపం. వెళ్ళి పక్కనున్న పరీక్ష బల్ల మీద పడుకున్నారు. డాక్టరుగారు చొక్కా పైకి జరిపి, కుడివైపు పక్కటెముకల కింద నొక్కి, నొప్పిగా ఉందా అని అడిగారు. ఉందండి అన్నారీయన. ఎన్నాళ్ళ నించి అంటే, ఇప్పుడేనండి అన్నారు.

అప్పుడు డాక్టరుగారు కుర్చీ వైపు తిరిగి నన్ను అడిగారు: "ఈయనకి ఆకలెలా ఉంది?"

"బాగానే తింటారండి," అన్నాను. తరవాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కానీ జబ్బు ఈయనది కాదండి. నాది."

ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు. నాకన్నా చిన్నవాడు, అత్తా. కళ్ళ కింద నలుపు, నిద్ర లేని మొహం. మందలిస్తారనుకుని, ఆ మందలింపు మొదలుకాకముందే నా అనుమానం చెప్పేశాను. గ్యాస్ బిళ్ళ, రోజూ పొద్దున్నే, కొన్నేళ్ళుగా. ఆయన కలం ఆగింది.

"ముందే చెప్పాలి కదమ్మా?"

"చెప్పడానికి కుర్చీ దొరకలేదండి," అన్నాను.

ఇలా అన్నానని నాకిప్పటికీ నమ్మకం కలగడం లేదు. ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. కడుపులో పులుపు ఉంటేనే ఈ మందు ఒంటికి పడుతుందట, గ్యాస్ బిళ్ళ ఆ పులుపుని తగ్గించేస్తుందట. అది ఇవాళే ఆపమన్నారు. నెల వృథా అయిందా అంటే, రక్తం చూస్తేగాని చెప్పలేనన్నారు. అడగవలసింది తనేనని కూడా అన్నారు, కానీ ఆ మాట కాగితంతో అన్నారు.

తరవాత నీ ప్రశ్నలు అడిగాను. చిత్రమేమిటంటే, నా ప్రశ్న అడగడానికి నెల పట్టింది, నీవి మాత్రం గడగడా అడిగేశాను. ఇంకొకరి కోసమైతే ఎంత తేలిగ్గా అడుగుతాం! కంచంలో తింటే అంటుకోదట. చంటిపిల్లని ఎత్తుకోవచ్చు, ముద్దాడొచ్చు. రక్తం దగ్గరే జాగ్రత్త, సూది, బ్లేడు పంచుకోకూడదు. అరవై దాటినా బిళ్ళలిస్తారు, వయసుని బట్టి ఎవరినీ వదిలెయ్యరు. పసరు తాగినవాళ్ళు అది మానేసి, తాగామని దాచకుండా చెప్పాలి, అప్పుడు కాలేయం ఎలా ఉందో చూస్తారు. బుట్ట సంగతి మనిషిని చూసి చెబుతానన్నారు.

అన్నీ అయ్యాక, ఇవి ఎవరి ప్రశ్నలని అడిగారు. మా అత్తవండీ, ఆవిడకి ఊరందరి సంగతీ కావాలి అన్నాను. ఊరు ఇంత వివరంగా అడగదమ్మా అన్నారాయన. తిరుగు బస్సులో గజపతినగరం వెళుతున్న ఆడవాళ్ళెవరో చంటిపిల్లని చేతులు మార్చుకుంటున్నారు. వాళ్ళని చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది. నాకు అనుమానాలెక్కువ. ఇదీ ఉత్త అనుమానమేనని రాయి, అత్తా.

పద్మ

తా.క. ఇది పోస్టు చెయ్యకముందే రిపోర్టు వచ్చింది. వైరస్ కనబడలేదట. నెల పోలేదు. మందు పూర్తిచేసి, మళ్ళీ మూడు నెలలకి చూస్తేగాని నయమైందనరట. మీ అల్లుడు మాత్రం ఆ రోజు నుంచి కుడివైపు నొప్పి అంటున్నారు.


గురమ్మగారు చెప్పగా గణపతిరావు రాసినది.
జూన్ 8.

మా అమ్మడికి,

నీ జబ్బు కనబడలేదని ఇన్నాక అమ్మవారికి దణ్ణం పెట్టినాను. కుర్సీలో కూకున్నావని ఇన్నాక నీకు పెట్టినాను.

నీ అనుమానం ఉత్తది కాదు.

పోయినేడు వానల్లో సికాకుళంలో ఉత్తినే రక్తం సూస్తన్నారంటే ఎల్లినాను. నీకున్నదే నాకూ ఉన్నాదని సెప్పి పెద్ద డాకటేరు కాడికి పంపినారు. సంతలో నా గొంతు నీకు తెలుసు గదా. ఆయన ముందు కూకుంటే నాలిక అంటుకుపోయింది. ఏటి బాధ అన్నాడు. ఏటీ లేదు బాబూ అని లేసొచ్చేసినాను. అప్పటినించి అసిరమ్మ పసరే తాగుతన్నాను. నీకు పంపింది నా దాంట్లో సగం. అందుకే సీసా తిరిగి అడిగినాను, ఇంట్లో ఇంకోటి లేదు.

నువ్వు అడిగితే నాకు జవాబొస్తాదని నిన్ను తోసినాను. తప్పో ఒప్పో నాకెరిక లేదు.

రాణి బిడ్డ పుట్టిన కాడినించి దూరంనించే సూసినాను. నడుం నొప్పని సెప్పినాను. నిన్న నీ ఉత్తరం ఇన్నాక తిన్నగా ఇంటికెల్లి ఎత్తుకున్నాను. నా సీర తడిపీసింది.

నన్ను ఆ డాకటేరు కాడికి తీసుకెల్లు. నా బదులు నువ్వు మాటాడొద్దు. నన్నే కుర్సీలో కూకోబెట్టు. నోరు పెగలకపోతే నా కాలు తొక్కు. అల్లుడుబాబుని తేవద్దు, మల్లీ ఆయన్నే నొక్కుతాడు.

గురమ్మ (వేలిముద్ర)

తా.క. ఈ ఉత్తరం చెబుతున్నప్పుడు గురమ్మగారు మొదటిసారి మెల్లగా మాట్లాడారు. ఒకటి రెండు మాటలు నాకు అందలేదు, మళ్ళీ అడగడానికి మనసొప్పలేదు. వరండాలో ఉన్నవాళ్ళు కూడా ఏమీ వినబడలేదని ఫిర్యాదు చేశారు. ఉత్తరంలో ఇంతే ఉందని వాళ్ళందరికీ చెప్పాను: మేనకోడలికి నయమవుతోంది, అత్త చూడ్డానికి వెళుతోంది. — గణపతిరావు.