మగ్గం గుంట ఎవరిది?

గోవిందపురం,
జ్యేష్ఠ బహుళ దశమి

మీ పాదాలకు నమస్కరించి క్షాంతమణి రాసుకునేది.

శాంతిపురంలో మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా ఒళ్ళు మండిపోతోంది. కొత్త కోట కట్టుకోవడానికి తెల్లదొరలకు మన ఊరే దొరికిందట! ఇళ్ళన్నీ కూల్చేస్తున్నారు. ఇల్లు పోయినవాళ్ళకు సుతానుటిలో బదులు స్థలమట. మీ అన్నదమ్ములంతా ముందే రాయించుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ మన తలుపు తట్టలేదు.

నిన్న గుమాస్తా వచ్చి, "ఎవరిల్లమ్మా ఇది?" అన్నాడు. మొగుడి పేరు నోటితో ఎలా చెప్పను? "యశోద ఒళ్ళో ఆడుకున్నవాడి పేరే" అన్నాను.

"ఓహో, గోకులం నుంచి వచ్చి కట్టాడా?" అని బంట్రోతులతో కలిసి పగలబడి నవ్వాడు. వాడూ మన బెంగాలీవాడే! వాడి పెళ్ళాం మాత్రం వాణ్ణి పేరు పెట్టి పిలుస్తుందా? 'యజమాని లేని ఇల్లు' అని రాసుకుపోయాడు. మీ తాత తవ్విన మగ్గం గుంట పక్కనే రాట్నం తిప్పుతున్న నేను వాడి కంటికి ఆనలేదు. పౌర్ణమికి మళ్ళీ వస్తాడు. అప్పటికీ పేరు లేకపోతే మనకు స్థలం లేదట. వెంటనే రండి.

భిక్షకు వచ్చే వైష్ణవ సన్యాసిని నేర్పిన అక్షరాలు, తప్పులుంటే మన్నించండి.

మీ దాసి,
క్షాంతమణి

---

శాంతిపురం,
ఆషాఢ శుద్ధ విదియ

ప్రియమైన క్షాంతమణీ,

పడవ దిగుతూ జారి కాలు విరగ్గొట్టుకున్నాను. వెదురుబద్దలు కట్టి పడుకోబెట్టారు. నెల దాకా లేవనివ్వరు.

నీ ఉత్తరం చదివాక గుమాస్తా మీద కన్నా నీ మీదే ఎక్కువ కోపమొచ్చింది. నా ఆయుష్షు నీ నాలుక చివర వేలాడుతోందా? నందుడి ముద్దులకొడుకు, నందదులాల్ బసాక్. అంతే కదా! ఈ ఉత్తరమే చూపించు. నమ్మకపోతే గట్టిగా చెప్పు. స్థలం పోయిందా, తప్పు నీదే. మగ్గం ఎక్కడ పాతుకోమంటావు, నీ నెత్తినా?

వేళకు తిను.

నీ నందదులాల్ (కావాలనే రాశాను)

---

సుతానుటి,
ఆషాఢ బహుళ ఏకాదశి

మీ పాదాలకు, విరిగినదానికీ విరగనిదానికీ నమస్కారం.

తప్పు నాదా? ఊరు లాక్కున్నది వాళ్ళు, వదిలిపోయింది మీ అన్నదమ్ములు, తప్పు మాత్రం నాది! బాగుందండీ.

పౌర్ణమికి గుమాస్తా వచ్చాడు, ఈసారి వెంట ఒక దొర కూడా. మీ ఉత్తరం చూపించాను. "కాగితం ఎవడైనా రాస్తాడు, నోటితో చెప్పు" అన్నాడు. బంట్రోతులు అప్పుడే పళ్ళికిలించారు. మీ పేరు నా పెదాల దాకా వచ్చింది. వీళ్ళు నవ్వుకోవడానికి నా నియమం నేనెందుకు చెడగొట్టుకోవాలి అనిపించింది.

"రాసుకో, ఈ ఇల్లు క్షాంతమణిది" అన్నాను.

"మొగుడుండగా ఆడదాని పేరేంటి?"

"యజమాని లేడని నువ్వే రాశావు కదయ్యా! లేనివాడి పేరు నేనెలా చెప్పను? ఉన్నదాన్ని నేను. రాయి."

ఆ మాట అన్నందుకు తర్వాత మూడుసార్లు నాలుక కరుచుకున్నాను లెండి. ఆలస్యమేమిటని దొర వెనకనుంచి గదిమేసరికి గుమాస్తా నోరు మూసుకుని రాశాడు.

మగ్గం గుంటను నా కళ్ళముందే పూడ్చేశారు. ఆ మంట నేను చచ్చేదాకా ఆరదు. ఇక్కడ కొత్త గుంట నేనే తవ్వుతున్నాను. మోకాలి లోతు అయింది, మిగతాది మీ కాలు కొలత చూసి తవ్వాలి.

రేవులో దిగి దారి అడగండి. మీ పేరు చెబితే మీ అన్నదమ్ముల గుమ్మం చూపిస్తారు. మన గుమ్మం కావాలంటే పట్టాలో ఉన్న పేరు చెప్పాలి, నోరారా, నలుగురూ వినేలా.

క్షాంతమణి