ఎండలో వచ్చిన వరద

కొంటా, జ్యేష్ఠ శుద్ధ నవమి, ఆదివారం

కొండ మీది అమ్మవారికి మొక్కు చెల్లించి దిగుతున్నాం. పొద్దున చీలమండలు మాత్రమే తడిపిన వాగు దగ్గరకు వచ్చాం. మా మీద ఎండ కాస్తోంది. వెనక కొండ నెత్తిన మాత్రం మబ్బు కమ్మింది. దాటించడానికి కూతురు చిట్టిని భుజానికెత్తుకోబోతే, నా భార్య లక్ష్మి పిల్లను లాక్కుని బండ మీద కూర్చుంది.

"నీళ్ళు ఎర్రబడ్డయి, చూడుండ్రి. ఆకులు కొట్టుకొస్తున్నయి. పైన వాన పడ్డది. పిల్లను దింపనియ్య."

"ఎండ కాస్తంటే వరదేంది? లే," అని కసిరాను. ఇంకా అన్న మాటలు ఇక్కడ రాయలేను. రాజావారి అడవి కచేరీలో పదేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. ఆకులు నాకు కనబడక కాదు. ఆమె చెప్పిందని కాదన్నాను.

పంతానికి ఒక్కణ్ణే దిగాను. నాలుగడుగులు వేశానో లేదో పైనుంచి హోరు వినిపించింది. వెనక్కి పరుగెత్తి గట్టెక్కేసరికి, మానులను దొర్లించుకుంటూ బురద నీరు వచ్చిపడింది.

సాయంత్రం వరద తీశాక వాగు దాటాం. దారిలో చిట్టి నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నాయినా, అమ్మ కూసోకపోతే నన్ను ఎత్తుకొని దిగేటోడివా?"

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "దిగేటోణ్ణే బిడ్డా," అన్నాను.

ముందు నడుస్తున్న లక్ష్మి ఆగింది. పిల్ల చేతిని నా చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది.