నాలుగో మలుపులో పగులు

మస్కట్, ఘాలా

ఆశ నాయనకు,

నీ రామసుబ్బమ్మ రాస్తోంది. ఒంట్లో బాగుంది, వేళకు తింటున్నాను. నువ్వు, ఆశ, అత్తమ్మ బాగున్నారని నీ ఉత్తరం విప్పకముందే మనూరి ఓబులేసు చెప్పాడు. మీరు పంపిన చింతొక్కు ముట్టింది. దారిలో మూత ఊడి వాడి చొక్కాలన్నీ మరకలయ్యాయట. "వదినా, నీ మొగుడు నాకు చింతొక్కు ఇయ్యలేదు, పూసి పంపినాడు," అని రూవి బస్టాండులో అందరూ వినేట్టు దెప్పాడు.

ఫోన్‌లో నువ్వు "ఊ" తప్ప ఇంకోటి అనవు. ఉత్తరంలో మాత్రం బాగానే అడుగుతావు. అడిగినవాటికి వరసగా చెబుతాను.

ఎడారిలో మంచు పని ఏంది, నిన్నెవరన్నా మోసం చేస్తున్నారేమో అన్నావు. మోసం కాదు. పెద్ద షెడ్డు కట్టి, లోపల సిమెంటుతో నూట ఎనభై మీటర్ల కాలువ లాంటిది పోశారు. పైనుంచి కిందికి వాలుగా, ఏడు మలుపులతో ఉంటుంది. సిమెంటులో పైపులు పెట్టి చల్లటి మందు నీళ్ళు తిప్పుతారు. ఆ చల్లబరిచే ప్లాంట్ నడిపేది రాయచోటి జిలాని. మేము గన్నుతో నీళ్ళు తుంపరగా చల్లుతాము. ఒక పొర గడ్డకట్టాకే ఇంకో పొర. ఇట్లా నాలుగు రోజులు చల్లితే రెండు వేళ్ళ మందం మంచు అవుతుంది. తర్వాత బారు కత్తితో నున్నగా గీస్తాము. దాని మీద ఇనప పట్టీలున్న చిన్న బండిలో పడుకుని మనుషులు జారుతారు. అది ఆట. బయట నలభై ఆరు డిగ్రీలు, లోపల సున్నాకు కింద ఆరు. వచ్చే నెల తెరుస్తారు.

ఈ ఆట ఎట్లా పుట్టిందో మా సూపర్‌వైజర్ ఖమరుద్దీన్ భాయ్ చెప్పాడు. హైదరాబాదు మనిషి. దాదాపు నూటయాభై ఏళ్ళ కిందట స్విట్జర్లాండ్‌లో ఒక కొండ ఊరికి చలికాలం గడపడానికి దొరలు వచ్చేవాళ్ళట. పొద్దుపోక, సామాన్లు లాగే జారుడు బండ్లెక్కి వీధుల్లో జారేవాళ్ళు. నడిచేవాళ్ళను గుద్దేవాళ్ళు. ఊరివాళ్ళు గోల చేస్తే, హోటలాయన వాళ్ళకు వేరే దారి వేయించాడు. ఆ ఊళ్ళో ఇప్పటికీ పైపులు లేవు. ఏటా చలికాలం మంచు, నీళ్ళు కలిపి చేతుల్తో కడతారు, ఎండలు రాగానే కరిగిపోతుంది, మరుసటి ఏడు మళ్ళీ కడతారు. అది విని నువ్వే గుర్తొచ్చావు. నువ్వూ ఏటా వానలకు ముందు, నీళ్ళు దిగకుండా, ఊళ్ళో మట్టి మిద్దెల మీద చౌడు మట్టి పరుస్తావు కదా.

తర్వాత జర్మనీవాళ్ళు సిమెంటులో పైపులు పెట్టారట. పెద్ద ట్రాకులు కిలోమీటరున్నర దాకా ఉంటాయి, పదిహేను మలుపులు, కారు కంటే వేగం. మలుపు దగ్గర గోడ ఎత్తుగా వంగి ఉంటుంది, బండి ఆ గోడ ఎక్కి దిగుతుంది. చివర దారి ఎగువకు లేస్తుంది, బండి దానంతటదే నిదానిస్తుంది. మాది పిల్ల ట్రాకు. అయినా కొలతల్లో ఏ తేడా ఉండకూడదు.

చేతుల సంగతి అడిగావు. వేళ్ళ కొనలు పగిలాయి, నూనె పూస్తున్నాను. ఆ నీళ్ళు తాగొచ్చా అని ఆశ అడిగింది. తాగొద్దని చెప్పు, మేము బూట్లతో తొక్కుతాము.

నేను ఊడ్చే పనికే చేరాను. అల్ ఖువైర్‌లో ఇంటి పని పోయాక దొరికింది అదే. ఒకరోజు మనుషులు తక్కువై ఖమరుద్దీన్ భాయ్ నా చేతికి గన్ను ఇచ్చాడు. గోడ వంపున నీళ్ళు కారకుండా చల్లితే, "అమ్మా, యాడ నేర్చినవ్ ఈ పని?" అన్నాడు. "మా ఆయన మిద్దెలేస్తాడు, పక్కన నేను మట్టి అందిస్తా," అన్నాను. ఆ రోజు నుంచి నాలుగో మలుపు నాది.

ఇంతవరకు నువ్వు అడిగినవాటికి జవాబు. ఇక అడగనిది రాస్తాను.

పోయిన నెల ఇరవయ్యో తేదీన నాలుగో మలుపులో పగులు కనబడింది. వేలు పట్టేంత. నీళ్ళు చల్లి, గడ్డకట్టించి, మళ్ళీ గీయాలంటే పూట పడుతుంది. మరుసటి పొద్దున ట్రయల్. మిద్దె పగిలితే నువ్వేం చేస్తావో నేనూ అదే చేశాను. గీసిన మంచు పొడిని పగుల్లో కూరి, మడమతో తొక్కి, పైన చేత్తో రుద్దాను. నున్నగా కనబడింది. చౌడైతే తొలి వానకు తడిసి అతుక్కుంటుంది. షెడ్డులో వాన పడదని నాకు తట్టలేదు. పొడి పొడిగానే ఉండిపోయింది.

ట్రయల్‌కు ఖమరుద్దీన్ భాయే బండెక్కాడు. నాలుగో మలుపులో పట్టీ ఆ పొడిలో దిగబడి బండి తిరగబడింది. ఆయనకు భుజం ఎముక విరిగింది. ప్లాంట్ సరిగ్గా నడపక మంచు మెత్తబడిందని ఆఫీసువాళ్ళు జిలానిని నిలదీశారు. ఊరికి పంపేస్తామన్నారు. "అక్కా, నేను మీటరు చూస్తానే ఉండా, సున్నాకు కింద ఆరే ఉన్నింది, ఎవరూ నమ్మరే," అని నాతోనే చెప్పుకున్నాడు. అతనికి ఇద్దరు పిల్లలు. నేను తలూపాను. మూడు రోజులు అట్లాగే ఊపాను. నా పని పోతుందని భయం. ఇంకో కారణం లేదు.

నాలుగో రోజు చేతికి కట్టుతో ఖమరుద్దీన్ భాయ్ షెడ్డుకొచ్చాడు. జిలాని ఎదుటే అంతా చెప్పేశాను. ఆయన నా వైపు తిరిగాడు.

"పొడి కూరినవా?"

"కూరినా."

"తెల్వక చేసినవ్, అది సరే. మూడు దినాలు ఎందుకు నోరు మూసుకున్నవ్? అది తెల్వకనా?"

"తెలిసే."

జిలాని లేచి వెళ్ళిపోయాడు. నన్ను మళ్ళీ చీపురుకు పెట్టమని ఆఫీసు నుంచి మాట వచ్చింది. నేనే ఖమరుద్దీన్ భాయ్ దగ్గరికి పోయాను. నాలుగో మలుపు మొత్తం కొట్టేసి మళ్ళీ పొర పొర వేస్తాను, మొదట నేనే దాని మీద జారతాను, అన్నాను. ఆయన నవ్వాడు. "నువ్వా? బస్సుల కూడా కిటికీ కమ్మీ పట్టుకొని కూసుంటవ్." నీ సంగతి చెప్పాను. ఎవరింటికి మిద్దె వేసినా తొలి వాన రోజు పోయి, వెలిసేదాకా ఆ ఇంట్లో కూర్చుంటావని, కారితే మొదట నా నెత్తినే కారనీ అంటావని. ఆయన నవ్వు ఆపాడు. ఆఫీసువాళ్ళతో ఆయనే మాట్లాడాడు.

ఐదు రోజులు వేశాను. రెండో రోజు జిలాని గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, మొహం చూడకుండా అన్నాడు: "అక్కా, ఛాయ్. ఈడ అన్నీ తొందరగా చల్లారతాయి. నా కోపం ఒకటే చల్లారల్యా. తాగు." తాగాను. అతని పని పోకుండా నిలిచింది.

రేపు పొద్దున ఆరింటికి నేను బండెక్కుతాను. హెల్మెట్ కొలత చూశారు. మలుపు నిలిస్తే మంచు పనిలో ఉంటాను, ఒప్పుకున్న రెండేళ్ళూ పూర్తి చేస్తాను. నిలవకపోతే నన్ను పంపేస్తారు. ఎప్పుడు వస్తావని అడిగావు కదా, దానికి జవాబు ఇదే. భయం లేదని రాయను. వెనక్కి మాత్రం పోను.

జారాక రాయొచ్చు కదా అంటావు. బాగా జరిగితే నా తప్పును చిన్నది చేసి రాస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ముందే రాసి అంటిస్తున్నాను. ఏలూరు నర్సు జ్ఞానాంబ ఈ సాయంత్రం ఫ్లయిట్‌కు పోతోంది, ఆమె చేతికిస్తాను. ఇచ్చాక మార్చడానికి ఉండదు. అక్కడ వానలు మొదలైతే మన మిద్దెకు ఈశాన్యం మూల పగులు ఒకసారి చూడు. మనం కూరిన చౌడు పొడి తడిసిందో లేదో వేలు పెట్టి చూడు.

ఇట్లు,
రేపు నాలుగో మలుపు దిగబోయే
ఆశ వాళ్ళమ్మ,
రామసుబ్బమ్మ