దీపాలు పెట్టకముందే

తూంకుంట, శుక్రవారం

అమ్మది నా దగ్గర ఏం మిగిలింది? ఆమె పోయినప్పటి నుంచి, ఆరేళ్లుగా ఇదే ప్రశ్న. పెరుగు, అని చెప్పుకునేదాన్ని. ఆమె వేసిన తోడునే రోజూ కొనసాగిస్తూ వచ్చాను. మొన్న ఊరెళ్లి వచ్చేసరికి అది బూజు పట్టింది.

సాయంత్రం వెనకింటి రబియా ఆంటీని చెంచాడు తోడు అడిగితే గిన్నెడు ఇచ్చింది.

"జల్దీ తీస్కపో బేటీ. దీపాలు పెట్టినంక పెరుగు ఇస్తే మీ అమ్మ ఊకుంటుండెనా?"

"థాంక్స్ ఆంటీ."

"తోడుకు థాంక్స్ ఏంది, పాగల్! అప్పుడు మీ అమ్మ ఇచ్చిందే గద ఇది. సలి మస్తుంది, గిన్నెకు శాలువ గప్పు."

పాలు తోడేసి శాలువా కప్పాను. ఇన్నేళ్లూ ఆంటీ తన పాలు పోసి నిలిపిన తోడు ఇది. రేపు మూత తీసేటప్పుడు ఎవరిని తలచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను.