ఉషాదేవి బొటనవేలు, జింకు తొట్టి

ప్రాచీన కట్టడాల సంరక్షణాధికారి వారి సముఖమునకు, బర్గండీలోని మెర్వాల్ భవనం పై అంతస్తులో అద్దెకుండు రిటైర్డ్ బస్సు డ్రైవరు అన్సెల్మ్ గెరినో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా పడకగది కప్పుమీది చిత్రముపై వాననీరు కారుట, అటకపై తొట్టి పెట్టుకొనుటకు అనుమతి కోరుట.

1. రాజుల కాలమున ఉప్పు పన్ను వసూలు చేసే దొర ఒకడు ఈ భవనము కట్టించి, తన భార్యను రథమెక్కిన ఉషాదేవిగా ఈ కప్పుమీద వేయించెను. ఆ ఉషాదేవి మధ్యాహ్నమైతే గానీ నిద్ర లేచేది కాదని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది అర్జీకి సంబంధించినది కాదు గానీ తమకు తెలిసి ఉండుట మంచిది. విప్లవం రోజుల్లో జనం దొరల బొమ్మలన్నీ పగలగొడుతుంటే, ఎవరో పుణ్యాత్ముడు బొమ్మకు సున్నం కొట్టించి కాపాడాడు. తర్వాత బొత్తాల కార్ఖానా వచ్చింది. అదీ పోయింది. మేము వచ్చాము.

2. నా భార్య ఒదెట్ బూజు దులుపుచుండగా సున్నం పెచ్చు ఊడి, దేవి కాలి బొటనవేలు బయటపడినది. ఆమె పరుగున పోయి తమ కార్యాలయములో చెప్పినది. తమవారు వచ్చి, సున్నం గీకించి, గుమ్మానికి ‘రక్షిత చిత్రము’ అని ఫలకం కొట్టి, వైను తాగి వెళ్లారు.

3. ఫలకము ప్రకారము రక్షణ చిత్రమునకే గానీ, దానిపైనున్న పెంకులకు లేదు. పెంకులు పగిలినవని తమకు వ్రాయగా, అవి తమవి కావు, పురపాలకులను అడుగుమన్నారు. వారిని అడిగితే, రక్షిత చిత్రము నెత్తిన నిచ్చెన వేయుటకు తమరి కార్యాలయపు సంతకము కావాలన్నారు. ఇంతలో ఆగస్టు వచ్చింది. సంతకాలు పెట్టేవాళ్లంతా సెలవులకని సముద్రతీరాలకు పోయారు. వాన మాత్రం ఊళ్లోనే ఉంది.

4. నీరు కారుచోట అటకపై జింకు తొట్టి పెట్టితిని. తమ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి చూసింది.

"గెరినోగారూ, ఇది రక్షిత చిత్రం మీద అనధికార బరువు. తీసెయ్యండి."

"తీసేస్తే నీళ్లెక్కడికి పోతాయమ్మా?"

"నేను చూడాల్సింది తొట్టి వరకేనండీ."

చర్చిలో పన్నెండు గంటలు కొట్టారు. ఆమె భోజనానికి వెళ్లింది. మళ్లీ రాలేదు. నేను తొట్టి తీసేశాను.

5. ఒదెట్ తుంటి విరిగి, ఆ చిత్రం కిందనే మంచాన ఉన్నది. పొద్దున్నే మరక కబురు చెప్పును.

"ఏమయ్యోయ్, రథం చక్రం అయిపోయింది, పాదం దగ్గరికొచ్చింది! ఆ రోజు నేను నోరు మూసుకునుంటే నువ్వే పైకెక్కి నాలుగు పెంకులు సర్దేవాడివి. బుద్ధిలేక సర్కారుకు చెప్పాను!"

మంచం పక్కకు జరుపుతానంటే ఒప్పుకోదు. "నేను కూడా చూడకపోతే దాన్ని చూసేదెవరు?" అంటుంది. దీనికి జవాబు తమ వద్ద ఉన్నచో తెలుపగోరెదను.

కావున పెంకులు వేయుటకు, అది కానిచో తొట్టి పెట్టుటకైనా, దేవి ముఖము మిగిలియుండగానే అనుమతి దయచేయవలెనని మనవి. చిత్తగించవలెను.

నేటివరకు తమ విధేయుడు,
అన్సెల్మ్ గెరినో

తా.క.: కవరు అంటిస్తుంటే వాన పట్టుకుంది. బొటనవేలు ఊడి ఒదెట్ దుప్పటి మీద పడింది. నేను అటకెక్కి తొట్టి పెట్టేశాను, కేసు పెట్టుకోండి. ఆ ముక్కను ఒదెట్ ఖాళీ ఆవముద్ద సీసాలో వేసి, తలగడ కింద పెట్టుకుంది. "ఈసారి వాళ్లకి చెప్పావో, చూడు!" అంది. నేను తమకు వ్రాసిన సంగతి దయచేసి ఆమెకు తెలియనివ్వకండి.