కొలతకెక్కిన గుంట

అన్నయ్యకి,

ఫోనులో మనిద్దరం అరుచుకోవడమే గానీ ఒక్క మాటా తేలడం లేదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డురాలేవు. అందుకని రాస్తున్నాను.

పని మొదలైంది. బ్యాంకు మూతపడి, దాని వెనకే మిల్లు మూతపడి, ఊరంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాక ఇన్నాళ్లకి సర్కారు చెయ్యి విదిల్చింది. ఏటి నుంచి పల్లపు పొలాల దాకా వరద కాలువ తవ్వాలి. యంత్రం దిగకూడదు, మనుషులే తవ్వాలి. అదీ షరతు. మొదటి రోజు ఇంజనీరు బల్ల ఎక్కి చెప్పాడు: "కాలువ ఈ ఏడు కాకపోతే పై ఏడు అవుతుంది. ముందు మీ చేతుల్లో నాలుగు డబ్బులు ఆడాలి. మీరు కొంటే కొట్టువాడు బతుకుతాడు. కొట్టువాడు సరుకు తెప్పిస్తే మిల్లు తిరుగుతుంది." మిల్లులో కాటా దగ్గర కూర్చునే గుమాస్తా నా పక్కనే ఉన్నాడు. "చచ్చిన గేదెకి కుడితి పెడుతున్నారమ్మా" అన్నాడు. అంటూనే వెళ్లి వరసలో నిలబడ్డాడు.

గునపాలు తక్కువ, చేతులు ఎక్కువ. లారీ తలుపు తీయగానే జనం ఎగబడ్డారు. మిల్లులో పక్కపక్కనే పనిచేసిన ఇద్దరు ఒకే గునపాన్ని చెరో కొసా పట్టుకున్నారు. లాగి లాగి ఒకడు ఉన్నట్టుండి వదిలేశాడు. రెండోవాడి ముక్కు పగిలింది, ముందు పళ్లు ఊడి నోట్లో పడ్డాయి. వాడు వాటిని ఉమ్మేసి, గునపం భుజాన వేసుకుని కాలువలోకి దిగాడు. గునపం దొరికింది వాడికే కదా.

నా నోరు చూసి నన్ను ఒక ముఠాకి మేస్త్రిని చేశారు. "అరవడం నీకు పుట్టుకతో వచ్చిన విద్యే, ఇన్నాళ్లకి దానికి కూలి దొరికింది" అంటాడు మీ బావ. మాకు కూలి రోజు లెక్కన కాదు, కొలత లెక్కన. తవ్వే గుంట నడుమ ఒక మట్టి దిమ్మని ముట్టుకోకుండా వదిలేస్తాం. వారానికోసారి ఇంజనీరు దాని ఎత్తు చూసి, ఎంత లోతు తవ్వామో కొలుస్తాడు. ఎంత మట్టి లేస్తే అంత కూలి.

గుమాస్తా ఎంత ఎకసెక్కాలాడినా ఒకటి మాత్రం కళ్లారా చూశాను. మొదటి కూలి పడ్డ సాయంత్రం మంగలి తన కుర్చీ మీద దుమ్ము దులిపాడు. చెప్పులు కుట్టే అతను మేకుల పొట్లం కొన్నాడు. మా వీధి కొట్టువాడు 'అరువు అడగవద్దు' అట్ట తీసి లోపల పెట్టాడు. నన్ను చూసి "ఏం మేస్త్రమ్మా, నూనె పోయమంటావా?" అని తనే పిలిచాడు.

నీ పొక్లెయిన్ షెడ్డులో తుప్పు పడుతోందని వదిన చెప్పింది. నువ్వు ఏనుగు ఏనుగు అని మురిసిపోయే ఆ బండిని అక్కడే వదిలేసి రా. నా ముఠాలో గునపం పట్టుకో. చెల్లెలి కింద పనేమిటని మూతి ముడవకు. ఆకలికి వరసలు తెలియవు.

నీ గయ్యాళి చెల్లెలు

అన్నయ్యా,

నీ జవాబు అందింది. "నేను గునపం పడితే ఏనుగు నవ్వుతుంది" అని రాశావు. చదివి నేనూ నవ్వాను. అది పోయిన వారం మాట.

ఆదివారం మాకు పని లేదు. సోమవారం పొద్దున్నే వెళ్లేసరికి మా వంతు కాలువలో యంత్రం తవ్వుతోంది. కాలువ పని ఒప్పుకున్న కంట్రాక్టరు, కూలి డబ్బు మిగుల్చుకుందామని ముందురోజే దించాడట. మేం వారమంతా నడుములు విరగ్గొట్టుకున్నా లేవనంత మట్టి గట్టు మీద గుట్టగా పోసి ఉంది. గట్టు మీద నిలబడి అందరం గుంటలోకి చూశాం. మా ముఠాలో టైలరు ఉన్నాడు, నీకు ఒకసారి చొక్కా బిగుతుగా కుట్టి తిట్లు తిన్నవాడు. "అది తింటున్నది మట్టి కాదురా, మన అన్నం" అని అరిచాడు. మొదటి రాయి వాడిదే.

తర్వాత రాళ్లు ఎవరివో చెప్పలేను. డ్రైవరు తలుపు మూసుకున్నాడు. అద్దాలు పగిలాయి. మట్టి తోడే ఇనప బకెట్ ఒక్కసారి గిర్రున తిప్పితే మాలో పదిమంది పోయేవాళ్లు. తిప్పలేదు. బకెట్ నేలకి దించి, ఇంజను ఆపి, లీవర్లు పట్టుకుని కూర్చున్నాడు. లాగితే రాలేదు. ఎవరో వేళ్ల మీద గునపం వెనక కొసతో కొట్టారు. అప్పుడు వదిలాడు. "నేనూ కూలివాణ్ణేరా!" అన్నాడు కింద పడుతూ.

నేను ఆపలేదు. నేను ఆగమంటే ఆగేవాళ్లు. నా చేతిలో ఇనప తట్ట ఉంది. ఆ మనిషి లేవబోతుంటే దాని అంచుతో మొహం మీద కొట్టాను. ఒక్కసారే. ఆ తర్వాత ఎవరూ కొట్టాల్సిన అవసరం రాలేదు.

అతన్ని ఎడ్లబండిలో వేసి పంపేశారు. యంత్రం మీద దాని డీజిలే పోసి ముట్టించారు. పోలీసులు వచ్చి ఎవరు చేశారని అడిగితే అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వాళ్లు కాసేపు అరిచి వెళ్లిపోయారు.

ఇప్పుడు చుట్టుపక్కల ఏ డ్రైవరూ ఇటు రానంటున్నాడట. కంట్రాక్టరు దూరం నుంచి పిలిపిస్తాడు, నీకూ కబురు వస్తుంది. రావద్దు. వస్తే నిన్నూ దించుతారు. దించేవాళ్లలో ముందు నేనుంటాను. ఒక కడుపున పుట్టామని చూడను. నా వెనక నలభై పొయ్యిలున్నాయి.

చెల్లెలు

చెల్లీ,

నువ్వు కొట్టిన మనిషి ఎవరో నీకు తెలియదు. నాకు తెలుసు. నాకు లీవరు పట్టడం నేర్పింది ఆయనే. నేను మొదటిసారి బండి బోర్లా వేస్తే, ఓనరు ముందు నిలబడి తప్పు తనదని చెప్పిన మనిషి. నీ ఉత్తరం అందిన రోజే ఆసుపత్రికి వెళ్లాను, జవాబు రాయడానికి నాకు నెల పట్టింది. ఎడమ కన్ను తీసేశారు. నర్సు ఆ గుంటని తుడుస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు వేళ్లు వంగడం లేదు.

ఎవరు కొట్టారన్నాను. "ఎవరో ఆడమనిషి. మేస్త్రిలా ఉంది" అన్నాడు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మీ చేతుల్లో డబ్బు ఆడితే ఊరు లేస్తుందని మీ ఇంజనీరు చెప్పాడన్నావు. మావి చేతులు కావా? మేం కొట్టుకి వెళ్లమా? మాకు పొయ్యిల్లేవా? ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా చెప్పు. కాలువ పూర్తయితే మీకు కూలి ఆగిపోతుంది. అంటే ఆ కాలువ ఎప్పటికీ పూర్తికాకూడదని కోరుకునేవాళ్లు దాన్ని తవ్వుతున్నారన్నమాట. ఇలాంటి మందు వేసుకుని ఏ రోగి లేచాడు?

కంట్రాక్టరు నుంచి కబురు వచ్చింది. మీ వంతులో రాయి తగిలిందట. రాతి పొర తీయడానికి మాత్రం యంత్రం వాడుకోవచ్చని సర్కారు ఆర్డరు కూడా వచ్చిందట. ఆ సంగతి నువ్వు నాకు రాయలేదు. నేను రానన్నాను. నీకు భయపడి కాదు. నువ్వు ఎదురుగా నిలబడితే నా చెయ్యి ఎటు తిరుగుతుందో నాకే తెలియదు.

ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన ఆయన మాత్రం వెళ్తానన్నాడు. ఒంటికన్ను మనిషికి ఇంకెవరూ బండి ఇవ్వరు. మీ ఊళ్లో అయితే ఇంకెవరూ దొరకరు కాబట్టి ఇస్తారు. నా ఏనుగునే ఇస్తున్నాను. బుధవారం అక్కడ ఉంటాడు. ముందు ఉంటానన్నావుగా? ఉండు.

అన్న

అన్నయ్యా,

ఉన్నాను.

ఏం జరిగిందో చెప్పేముందు నీ దగ్గర దాచింది ఒకటి ఉంది. యంత్రం తగలబడ్డ మర్నాడే మాకు కొలత. అది తవ్విన గుంట అలాగే నోరు తెరుచుకుని ఉంది. గోడల నిండా బకెట్ పళ్ల గాట్లు, దువ్వెనతో గీసినట్టు వరసగా. అందరూ నా వైపు చూశారు. "చెక్కేయండి" అన్నాను. గునపాలతో ఆ గాట్లన్నీ చెక్కేశాం. నడుమ దిమ్మ లేదు. మట్టి తడిపి, కొట్టి, దిమ్మ నిలబెట్టి, తల మీద పచ్చిగడ్డి పెళ్ల పెట్టాం. యంత్రం దిగగానే తగలబడిందని, అది ఒక్క తట్ట కూడా తవ్వలేదని ఇంజనీరుకి చెప్పాం. కంట్రాక్టరు నోరు విప్పలేడు. తవ్వించానంటే షరతు తప్పినవాడు తనే అవుతాడు. ఇంజనీరు కొలిచి, "ఈ వారం బాగా చెమటోడ్చారే" అన్నాడు.

అంత కూలి మాకు ముందెప్పుడూ పడలేదు. కొట్టువాడు గోడలకి సున్నం వేయించాడు. టైలరు మిషనుకి నూనె పెట్టాడు. మంగలి దగ్గర వరస కట్టారు. ఊరు లేచిందని అందరూ చెప్పుకున్న వారం అదే. ఆ కూలి నీ గురువు తవ్విన మట్టిది. ఆ సంగతి తెలియనివాడు ముఠాలో ఒక్కడూ లేడు. పైకి అన్నవాడూ లేడు.

తర్వాత రాయి తగిలింది. గునపం వేస్తే నిప్పురవ్వ లేస్తుంది గానీ పెళ్ల లేవదు. కూలి పడిపోయింది. ఇళ్లలో తిట్లు, వీధిలో కొట్లాటలు మొదలయ్యాయి. అయినా యంత్రం మాట ఎత్తితే, "రాయి పేరు చెప్పి దిగుతారు, మట్టి కూడా నాకి పోతారు" అన్నారు. వాళ్ల భయం అబద్ధమని నేను అనలేను.

బుధవారం మధ్యాహ్నం ట్రెయిలరు మీద నీ ఏనుగు వచ్చింది. ఆయన దింపాడు. కంటికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. జనం గునపాలతో గట్టు దిగారు. ముందు నేనున్నాను. "ఎక్కు మేస్త్రీ, నువ్వే లాగు. అలవాటైన చెయ్యి" అన్నాడు టైలరు. ఎవరో నవ్వారు. నేను ఒక చెయ్యి తలుపు మీద వేసి, జనం వైపు తిరిగాను.

"లాగను. ఆ వారం మనం తిన్నది ఈయన తవ్వకంరా."

టైలరు నా మూతి మీద గుద్దాడు. పెదవి పళ్లకి గుచ్చుకుంది. "ఆ మాట ఇంజనీరు విన్నాడంటే అందరి కూలీ కక్కిస్తాడు. నీకు పిచ్చా?" అని మళ్లీ చెయ్యెత్తాడు. నా చేతిలో పార ఉంది. మెడకీ భుజానికీ మధ్య కొట్టాను. ఎముక విరగడం చేతికి తెలిసింది. అంతే, అందరూ నా మీద పడ్డారు. జుట్టు పట్టి పడేశారు, డొక్కల్లో తన్నారు. అడ్డం వచ్చిన మీ బావని గుంటలోకి తోసేశారు. నాతో రోజూ పక్కన కూర్చుని అన్నం తినే ఆడవాళ్లే నా వేళ్లు తొక్కారు.

అప్పుడు ఇంజను లేచింది. బకెట్ గాల్లోకి వెళ్లి నా మీదికి దిగింది. జనం పారిపోయారు. నేను లేవలేకపోయాను. పళ్లు నా రొమ్ము మీద జానెడు ఎత్తున ఆగాయి. వాటికి అంటుకున్న ఎండు మన్ను నా కళ్లలో రాలింది. రాళ్లు వచ్చి బకెట్ వీపున పడుతున్నాయి, దాని కింద నాకు చప్పుడు తప్ప దెబ్బ లేదు. వాళ్లు అలిసిపోయి గట్టెక్కేదాకా ఆయన దాన్ని కదపలేదు.

తర్వాత పక్కకి తిప్పి, దిగి, సీసాలో నీళ్లు ఇచ్చాడు. "నన్ను కొట్టింది నువ్వే కదూ?" అన్నాడు.

"నేనే."

"ఆ గుంట ఎంతకి కొలిచారు?"

చెప్పాను.

"తక్కువ కొలిచారు. ఏటి వైపు మూల ఇంకా లోతు తీశాను. చూసుకోలేదు మీరు."

నేను ఎవరి చెల్లెల్నో చెప్పబోయాను. "తెలుసు" అన్నాడు. "తాళం ఇచ్చేటప్పుడు మీ అన్న చెప్పాడు. చెప్పి, 'ఇక నీ ఇష్టం' అన్నాడు."

నాకు భయం అప్పుడు పుట్టింది, బకెట్ కింద ఉన్నప్పుడు కాదు. ఆ మాట నీ నోట ఎలా వచ్చిందని అడగను. నేను నీకు రాసిన దానికంటే అది పెద్దదేం కాదు.

రాయి పగులుతోంది. రాతి పొర దాటాక యంత్రం ఆగుతుందని కంట్రాక్టరు చేత జనం ఎదుట చెప్పించాను. ఆగుతుందో లేదో చూడాలి. పగిలిన రాయి మోసినందుకు ముఠాకి మళ్లీ కూలి పడుతోంది. మిల్లు యజమాని ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి లోపలంతా తిరిగి చూసి వెళ్లాడట. తెరుస్తాడో తెరవడో. కొట్లు మాత్రం కళకళలాడుతున్నాయి. నాకు సరుకు ఇవ్వరు, మీ బావ పక్క ఊరి నుంచి మోసుకొస్తున్నాడు. టైలరుని మేస్త్రిని చేశారు. చెయ్యి మెడకి కట్టుకుని అరవొచ్చు కదా.

ఒంటికన్నుతో తవ్వాలంటే పక్కన మనిషి ఉండి తీరాలని ఇంజనీరు పట్టుబట్టాడు. ఆ పనికి ఎవరూ రాలేదు. నేను ఎడమ పక్కన నిలబడి బకెట్ ఎటు పోవాలో చెబుతుంటాను. గట్టు మీద నుంచి ఇప్పటికీ రాళ్లు వస్తున్నాయి. నిన్న ఒకటి వీపున తగిలింది. తిరిగి చూడను. నేను తల తిప్పితే ఆయనకి ఆ పక్క ఏమీ ఉండదు.

నీ బండి ఎడమ అద్దం మళ్లీ పగిలింది. అద్దం పంపకు. ఇనప జాలీ పంపు, రెండు పంపు. ఒకటి కిటికీకి, ఒకటి నా వీపుకి.

చెల్లెలు